మానికా, రాశీ: శాంతకుమారి మేడమ్‌తో తేలని వాదం

శాంతకుమారి మేడమ్ పోయారు. ఉదయగిరి డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన విదుషీమణి, ‘అంకె’ అనే తెలుగు ప్రోగ్రామింగ్ భాషకు రూపకర్త, నాబోటి ఎందరికో గురువు, గత నెల ఒక శనివారం ఉదయం హఠాన్మరణం చెందారని తెలియజేయడానికి మిక్కిలి చింతిస్తున్నాను. ఇలా మొదలుపెట్టాలని ఈ సంచిక పెద్దలు చెప్పారు. మొదలుపెట్టాను. నా చేత్తో నేనే రాసిన ఈ వాక్యాన్ని నేనింకా నమ్మలేదు.

నమ్మకపోవడానికి నేనేమీ దూరాన ఉండి వార్త విన్నవాణ్ణి కాను. ఆ ఉదయం ఆత్మకూరు బస్టాండులో ఆమె కోసం ఎదురుచూస్తూ నిలబడ్డవాణ్ణి. ఉదయగిరి బస్సు వచ్చి ఆగింది. ఎండ పడని వైపు కిటికీ పక్కన, ఒళ్లో నల్ల సంచి పెట్టుకుని, తల కిటికీకి ఆనించి కూర్చుని ఉన్నారు. జనం దిగారు. ఆమె దిగలేదు. వాదానికి వచ్చే మనిషి నిద్రపోతూ వస్తారా అని నాలుగు మాటలు ఎగతాళి చేద్దామని నేనే బస్సెక్కాను. “మేడమ్, ఆత్మకూరొచ్చింది” అన్నాను. మళ్లీ అన్నాను. భుజం తట్టాను. వెనక నుంచి కండక్టరు, “దార్లో మంచినీళ్లు తాగినారు సార్, బాగానే ఉండారు” అన్నాడు. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు, కానీ ఆ మాటకు నాకు పట్టరాని కోపం వచ్చింది. బాగానే ఉన్న మనిషి ఏ మలుపులో వెళ్లిపోయారో డ్రైవరుకు తెలియదు, పక్క సీటులో కూర్చుని వచ్చిన ఆవిడకూ తెలియదు. ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందని చెప్పారు.

నోరెత్తకుండా జరిగిపోయే తప్పంటే మేడమ్‌కు ఒళ్లుమంట. తప్పు లెక్క చేసి తలెత్తుకుని తిరిగే ప్రోగ్రాముకంటే, ‘నావల్ల కాదు’ అని మధ్యలో కూలబడే ప్రోగ్రామే మర్యాదస్తురాలని ఆమె సిద్ధాంతం. బోధనంతా, భాషంతా, ఆఖరికి నాతో పోట్లాటంతా ఆ ఒక్క సిద్ధాంతం మీదే నడిపారు. అట్లాంటి మనిషి ఒక్క కేకైనా వేయకుండా బస్సులో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారు. ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు. ఈ వ్యాసం రాసే సరికైనా అర్థమవుతుందనుకున్నాను, కాలేదు.

ఆమెను ఎరగనివారి కోసం కొంచెం చెప్పాలి. మేడమ్‌ది ఉదయగిరే. బాప్టిస్టు కుటుంబం. నాయన బడిపంతులు, అవ్వ మాత్రం జీవాల మనిషి. గొర్రెలను కాసి, పొట్టేళ్లు అమ్మి సంసారాన్ని నిలబెట్టింది. మేడమ్ బడి లేని రోజుల్లో అవ్వ వెంట కొండ కింద మందలో తిరిగి పెరిగారు. గణితం చదివారు, గణితం చెబుతూ చెబుతూ కంప్యూటర్లోకి వచ్చారు. భర్త విజయరత్నం గారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో టీ కలపడానికి కూడా ఉదయగిరి చెక్క గరిటే ఉండాలి ఆమెకు, స్టీలు చెంచా గ్లాసుకు తగిలి చప్పుడు చేస్తే ఆలోచన చెదిరిపోతుందనేవారు.

చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మొదటి ఏడాది పిల్లలు లెక్కలో తెలివైనవాళ్లే అయినా, ఇంగ్లీషు మాటల దగ్గర బెదిరిపోయి ప్రోగ్రామింగంటేనే ముఖం చాటేయడం చూసి ‘అంకె’ను మొదలుపెట్టారు. భాష ఎలా ఉండాలన్నది ఆమె ఇష్టం, దాన్ని నడిపించే లోపలి యంత్రాంగం రాయడం నా వంతు. నేను అప్పటికే ఆత్మకూరులో ఒక ప్రైవేటు కళాశాలలో చేరిపోయాను. ఆమె అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో ఫోను, శనివారాలు బస్సు.

మా తగాదా ఏమిటంటే ఇది. లెక్కపెట్టడానికి పనికొచ్చే అంకెలు సున్నా నుంచి పైకి పోతాయి, కిందికి రావు. వాటిని కంప్యూటర్లో దాచడానికి రెండు దారులున్నాయి. ఒకటి, యంత్రం తనంతట తాను ఒక్క దెబ్బకు పట్టుకోగల కొలత. దానికి మేడమ్ ‘మానిక’ అని పేరు పెట్టారు. ధాన్యం కొలిచే మానిక లాగే దాని పరిమాణం ముందే ఖాయం, పని మహా చురుకు. రెండోది, అంకె పెరిగేకొద్దీ చోటు పెంచుకుంటూ పోయేది. దానికి ‘రాశి’ అని పేరు. కళ్లంలో ఎంత పోస్తే అంత పెరుగుతుంది. మెమరీ ఉన్నంతవరకూ హద్దు లేదు, కానీ నిదానం.

నిదానమొక్కటే అయితే తగాదా ఉండేది కాదు. మానిక నిండాక ఇంకొక్కటి పోస్తే అది ఒలికిపోదు, మొత్తం ఖాళీ అయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఖాళీ మానికలోంచి ఒకటి తీసేస్తే నిండు మానిక అయి కూర్చుంటుంది. రెండుసార్లూ కిక్కురుమనదు. రాశి అలా కాదు, లేనిదాన్ని తియ్యమంటే అక్కడే ఆగి తప్పని చెబుతుంది. “మా అవ్వ మానిక నిండితే ఒలికేది కంటికి కనపడేది, ఈ మానిక ఒలికేది దేవుడికి కూడా కనపడదు” అని మేడమ్ మొదటి పాఠం.

ఆ పాఠం దెబ్బ నేను విద్యార్థిగా ఉన్నప్పుడే తిన్నాను. ఒకటి నుంచి పదమూడు వరకు వరసగా గుణించమని ఇచ్చారు. లాబ్‌లోని పాత కంప్యూటరు నూట తొంభై మూడు కోట్ల చిల్లర అని చూపించింది. పన్నెండు వరకు గుణిస్తే వచ్చింది నలభై ఏడు కోట్ల చిల్లర, ఇది అంతకంటే పెద్దదే కదా, సరిపోయిందని నేను చేతులు దులుపుకున్నాను. మేడమ్ నా వెనకగా నడుస్తూ నడుస్తూ తెర వైపు ఒక్క చూపు చూసి ఆగారు. “చివర సున్నాలేవిరా?” అన్నారు. “కంప్యూటరు చెప్పింది మేడమ్” అన్నాను, అదేదో సాక్ష్యం అయినట్టు. “పదితో గుణించినాక చివర సున్నా లేకుండా ఎట్లా పోతాది అబ్బయ్యా? కంప్యూటరుకు సిగ్గు లేదు, నీకైనా ఉండబళ్లా?” అన్నారు. అసలు జవాబు ఆరువందల కోట్ల పైమాటే. మానిక నిండిపోయి, ఖాళీ అయి, మిగిలింది చూపించింది. అబద్ధం చెప్పేటప్పుడు కూడా అది తడబడదని ఆ రోజు తెలిసింది.

అయితే ఆమె ఎప్పుడూ రాశి పక్షమే అనుకుంటే పొరపాటు. ఆమెను మార్చింది గొర్రెలు. నేను ఆత్మకూరులో చేరిన కొత్తలో అనంతసాగరం వైపు ఒక గొర్రెల పెంపకందార్ల సంఘానికి మేమిద్దరం ఉచితంగా ఒక ప్రోగ్రాము రాసిచ్చాం. మేత లేనప్పుడు మందలు దూర ప్రాంతాలకు వలస పోతాయి. పోయిన జీవాలెన్ని, తిరిగొచ్చిన జీవాలెన్ని, దారిలో తప్పిపోయినవెన్ని అని లెక్క తేల్చాలి. పోయినవాటిలోంచి వచ్చినవి తీసేస్తే తప్పిపోయినవి. తప్పిపోయినవి సున్నాకంటే తక్కువ ఎలా ఉంటాయి, కాబట్టి మానిక చాలునని మేడమే తేల్చారు. నేను సరేనన్నాను.

మందలు తిరిగొచ్చాక సంఘం మీటింగులో లెక్క తీశాం. ఒక మందలో నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల గొర్రెలు తప్పిపోయాయని తెర మీద పడింది. ఆ మంద యజమాని మాలకొండయ్య నిమ్మళంగా బీడీ పక్కన పెట్టి, “మన జిల్లాలో గడ్డి పోచలు కూడా అన్ని ఉండవు మేడమ్” అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అని ఏదో గొణగబోయాను. మేడమ్ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. మాలకొండయ్యను రెండు ప్రశ్నలు అడిగారు. పోయిన గొర్రెల్లో కొన్ని దారిలో ఈనాయి. పోయినదానికంటే వచ్చింది ఎక్కువ. ఖాళీ మానికలోంచి తీశాం, నిండు మానిక వచ్చింది. ఆమె అందరి ముందూ లేచి నిలబడి, “తప్పు నాది. మందలో పెరిగినదాన్ని, గొర్రె ఈనుతాదని మర్చిపోయినాను. మా అవ్వ ఉంటే కర్ర తీసుకునేది” అన్నారు. ఆ తర్వాత జనం నవ్విన నవ్వులో ఆమె నవ్వు కూడా ఉంది.

అప్పటి నుంచి ఆమె రాశికి కట్టుబడిపోయారు. నేనేమో మానికను పట్టుకు వేలాడాను. లేనిపోని జాగ్రత్త కోసం ప్రతి చిన్న కూడికకూ అంత బరువు మోయించడం నాకు అన్యాయంగా తోచేది. ఉదయగిరి లాబ్‌లోని ముసలి కంప్యూటర్ల మీద రాశితో ప్రధాన సంఖ్యలు వెతకమంటే పిల్లలు బయటికెళ్లి సోడా తాగి రావచ్చు. పైగా మానిక తప్పినా కనిపెట్టే మార్గాలు వేరే ఉన్నాయి కదా అని నా పేచీ.

పేచీ పెట్టుకోవడానికి మేడమ్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా నేను చూడలేదు. ఏ విషయమైనా తేల్చే ముందు ఇద్దరం వైపులు మార్చుకోవాలి. నా మాట ఆమె వాదించాలి, ఆమె మాట నేను వాదించాలి, అదీ మొక్కుబడిగా కాదు, ఎదుటివాడు ‘అవును, నేను చెప్పదలచుకున్నది ఇదే, ఇంకా బాగా చెప్పావు’ అనేదాకా. అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు. “మారినావా?” దానికి అవునో కాదో చెప్పాలి. ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఒకసారి ఉదయగిరి బస్టాండు దగ్గర టీ కొట్లో ఇలాగే వైపులు మార్చుకుని కూర్చున్నాం. ఆమె నా మాటను అంత గట్టిగా వాదిస్తుంటే, నా మాట మీద నాకే రోషం వచ్చి నేను గొంతు పెంచాను. ఆమె బల్ల మీద చెయ్యి కొట్టారు. టీ కొట్టు ఆయన పరుగెత్తుకొచ్చి, పొలం గట్టు తగాదా అయితే ఊళ్లో పెద్దమనుషులున్నారు కదా సార్, ఆడమనిషితో ఏందిది అని నన్ను నిలదీశాడు. మేడమ్ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆమె ‘మారినాను’ అని చప్పున అనేవారు, అందులో ఆమెకు నామోషీ లేదు. నా నోట మాత్రం ఆ మాట ఏనాడూ రాలేదు. నేను గెలిచానని కాదు. నా తీరే అంత.

ఈసారి తేల్చాల్సిన విషయం పెద్దది. వచ్చే ఏడాది పిల్లలు చేరేలోగా ‘అంకె’ కొత్త రూపం రావాలి. అందులో పిల్లలు మానికా అనీ రాశీ అనీ ఏమీ చెప్పకుండా ఊరికే ‘సంఖ్య’ అని రాస్తే అది ఏది కావాలి? మొదటి రోజు మొదటి పాఠంలో ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ రాసే మాట అది. ఒకసారి పాఠాల్లోకి, పరీక్షల్లోకి వెళ్లాక మార్చడం కుదరదు. శనివారం ఆత్మకూరు వస్తాను, వైపులు మార్చుకుని అక్కడే తేల్చేద్దామని మేడమ్ ఫోను చేశారు. “నీ మానికను నీకంటే బాగా చెప్తాను చూడు” అన్నారు. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే. ఆ బస్సు దేనికోసం వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసింది కదా.

సంస్మరణ కూడిక ఉదయగిరిలో వాళ్ల చర్చి పక్క హాలులో జరిగింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. మాలకొండయ్య అనంతసాగరం నుంచి ఆటోలు మారి వచ్చి వెనక కూర్చున్నాడు. విజయరత్నం గారు నా దగ్గరకొచ్చి, “ఆమె నీతో మాట్లాడేదానికే బయల్దేరింది రమణయ్యా. నువ్వు మాట్లాడు” అన్నారు. నేను సిద్ధం చేసుకున్నది స్తుతి. సుగుణాల రాశి, జ్ఞాననిధి, అనే ధోరణిలో. లేచి నిలబడి పూలదండ వేసిన ఫొటో చూసేసరికి, రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాను. జనం ఏడుస్తున్నాననుకున్నారు. ఆ ఫొటోకు స్తుతి చెబితే ఆమె నన్ను బయటికి గెంటుతారని నాకనిపించింది. నేను ఆమెకు ఇవ్వాల్సింది నా వంతు వాదం.

కాబట్టి ఆ హాలులో, గొర్రెల కాపరులూ పోస్టాఫీసువాళ్లూ చర్చి అమ్మలూ వింటుండగా, నేను రాశి పక్షం వాదించాను. పిచ్చి పట్టిందనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. మానికంటే ఏమిటో, రాశంటే ఏమిటో చెప్పాను, గొర్రెల కథ చెప్పాను, మాలకొండయ్య తలూపాడు. నిదానంగా వచ్చినా నిజమైన జవాబు కావాలని చెప్పాను. ఇవన్నీ ఆమె దగ్గర విన్నవే. అక్కడితో ఆగుదామనుకున్నవాడిని ఆగలేకపోయాను. “వేగం కావలసినవాడికి తనకు వేగం కావాలని తెలుసు, నోరు తెరిచి మానిక ఇమ్మని అడుగుతాడు. జాగ్రత్త కావలసినవాడికి అది కావాలనే తెలియదు. అడగడం తెలియని పిల్లకు మనమే అడగకుండా ఇవ్వాల” అన్నాను. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. నాకూ అంతకుముందు తట్టలేదు. చెప్పి కూర్చున్నాను.

అప్పుడు ఆమె వంతు. అలవాటు చొప్పున నేను తల ఎత్తి ఎదురుచూశాను కూడా, మీరు నవ్వినా సరే. ఎదురుగా ఫొటో ఉంది.

రెండో ఏడాది చదివే షాహీన లేచింది. మేడమ్ క్లాసులో ముందు బెంచీ పిల్ల. “సార్, శుక్రవారం క్లాసులో మేడమ్ మీ వైపు మాట్లాడినారు. రేపు రమణయ్య ముందర చెప్పాల, ముందు మీ ముందర చెప్పి చూసుకుంటానని చెప్పినారు” అంది. చెప్పమన్నాను. ఆ పిల్ల కళ్లు మూసుకుని, మేడమ్ గొంతు తెచ్చుకుని చెప్పింది. “యంత్రం దేవుడు కాదు. దానికి హద్దు ఉండాది. ఆ హద్దు పిల్లోళ్లకి మొదటి రోజే తగలాల. పదమూడుకాడ చివరి సున్నాలు పోతే, యాడికి పోయినయ్యా అని వాళ్లే ఎతకాల. ముందే రాశి చేతికిస్తే అది ఎందుకు పుట్టిందో వాళ్లకు జన్మలో తెలవదు.”

నా పక్షాన నేను ఇన్నేళ్లూ అన్నది వేగం, వేగం, వేగం. ఇంత మంచి మాట నాకు దొరకలేదు. నా మానికను నిజంగానే నాకంటే బాగా చెప్పారు, నేను వినడానికి లేని చోట చెప్పారు. అవును మేడమ్, నేను చెప్పదలచుకున్నది ఇదే, ఇంకా బాగా చెప్పారని పద్ధతి ప్రకారం అనాలి. ఆ మాట వదిలేసి షాహీన వైపు తిరిగాను.

మరి చివర్న ఆ ప్రశ్న అడిగారా అని షాహీనను అడిగాను. అడిగామంది. క్లాసంతా కలిసి, మారినారా మేడమ్ అని అరిచారట. మేడమ్ సుద్ద ముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంటూ ఏమన్నారో షాహీన చెప్పింది. “ఇంకా లేదు. రేపు పోయి వాడి మాట విని వచ్చి చెప్తాను. వినకుండా ఎట్లా చెప్పేది?”

ఆమె వాదించడానికి వస్తున్నారనే నేను అనుకున్నాను. వినడానికి బయల్దేరారు. హాలులో అందరి ముందూ ఫొటో వైపు తిరిగి, “మారినాను మేడమ్” అన్నాను. జీవితంలో మొదటిసారి. విజయరత్నం గారు తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె మారారో లేదో ఇక ఎవరమూ చెప్పలేం.

‘సంఖ్య’ను రాశి చేశాను. ఆమె చివరి మాటకు కూడా చోటు ఇచ్చాం, పదమూడు గుణకారం పాఠం మానికతోనే మొదటి రోజు ఉంటుంది, షాహీన రాస్తోంది. ఒక్క పని మాత్రం మిగిలింది. ఉన్నదానికంటే ఎక్కువ తీసెయ్యబోతే రాశి ఆగి తప్పు చెప్పాలి కదా, ఆ చెప్పే మాట ఏ వాక్యంలో ఉండాలి? ‘వ్యవకలన దోషం’ అని నేను గతంలో పెట్టిన మాట చెరిపేశాను. ఆమె మా భుజాల మీదుగా తెర చూసి అనే మాటనే అక్షరం మార్చకుండా పెట్టాను.

మొన్న ఉదయగిరి లాబ్‌లో దాన్ని నడిపి చూశాం. విజయరత్నం గారిని కూడా పిలిచాం. షాహీన పోయిన గొర్రెల్లోంచి వచ్చిన గొర్రెలను తీసేసింది, మాలకొండయ్య మంద అంకెలతోనే. తెర ఆగింది. అక్షరాలు వచ్చాయి: ‘ఆగు అబ్బయ్యా. ఉన్నదానికంటే ఎక్కువ తీసేస్తా ఉండావు.’

విజయరత్నం గారు తెర దగ్గరికి వంగి దాన్ని ఒకసారి లోపల చదువుకున్నారు, మళ్లీ పైకి చదివారు. ఆ శనివారం మృత్యువు మా దగ్గర నుంచి ఉన్నదానికంటే ఎక్కువే తీసేసింది. ఆగమని చెప్పే గొంతు ఆ బస్సులోనే ఉంది, దాన్నే తీసుకుపోయింది. మేడమ్, మీ శిష్యుడి నమస్కారం. శనివారం పొద్దున కాళ్లు ఇంకా బస్టాండుకే పోతున్నాయి.